ఊరి పంట, ఊరి బంతి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల మా శీర్షికకు నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే విషయాన్ని అడిగాయి. ఊళ్లో పండినదాన్నే వండుకుని, పండించినవారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఊరంతా ఒకచోట భోంచేయాలన్న ఆలోచన ఇన్ని గ్రామాల్లో ఒకేసారి కలగడం నాకెంతో సంతోషంగా ఉంది. అందుకే మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈసారి శీర్షిక మొత్తాన్నీ దీనికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మాది కోవూరు దగ్గర పల్లె. చదువులకూ ఉద్యోగాలకూ బయటికి వెళ్లిన యువకులం కలిసి, మా ఊరి రైతుల గౌరవార్థం సుమారు 200 మందికి సహపంక్తి భోజనం పెట్టాలనుకుంటున్నాం. మా అందరికీ సెలవులు దొరికేది సంక్రాంతికే. ఆ రోజుల్లో పెట్టుకోవచ్చా? ఏమేం వండిస్తే బాగుంటుంది? (ఒక పాఠకుడు, కోవూరు మండలం)

జవాబు: సంక్రాంతికి మీ సెలవులు కుదురుతాయి గానీ మీ ఊరి పంట కుదరదు. పెన్నా డెల్టాలో ప్రధానమైన పంట రబీ వరి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య ఋతుపవనాల వానలు పడుతుండగా నారు పోసి, నాట్లు వేస్తే కోతలు ఫిబ్రవరి చివర మొదలై ఏప్రిల్ దాకా సాగుతాయి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో సంక్రాంతినాటికి ధాన్యం ఇంటికి చేరుతుంది కాబట్టి ఆ పండుగ అంటే కొత్త పంట అన్న మాట రాష్ట్రమంతటా స్థిరపడిపోయింది. నెల్లూరు సీమలో మాత్రం అప్పటికి పైరు ఇంకా పచ్చగా చేలోనే ఉంటుంది, రైతు ధ్యాసంతా ఎరువు మీద, తెగులు మీద, కాలవ నీటి మీద ఉంటుంది. ఆ సమయంలో ఆయనను పిలిచి పీట వేస్తే మర్యాద కోసం వచ్చి కూర్చుంటాడేమో గాని, మనసు మాత్రం గట్టు మీదే ఉంటుంది.

నా సలహా చైత్ర పున్నమి. అప్పటికి కోతలు చాలావరకు పూర్తయి, ధాన్యం అమ్ముడై, చేతిలో నాలుగు డబ్బులాడుతుంటాయి. ఎడగారుకు, అంటే రబీ తర్వాత వేసే రెండో పంటకు, నీళ్లు వదిలే సంవత్సరమైతే నారుమళ్ల పని మొదలయ్యేలోపు దొరికే కొద్దిపాటి విరామం కూడా అదే. పగలు ఎండ మండిపోతుంది కాబట్టి భోజనాలు పొద్దుగూకాక పెట్టుకోండి. కళ్లం చేసిన నేల గట్టిగా, చదునుగా ఉంటుంది, దాన్ని కళ్లాపి చల్లి, చాపలు పరిచి, వెన్నెట్లో పంక్తులు తీర్చవచ్చు. షామియానా అవసరం లేదు. మీలో సంక్రాంతికి రావలసినవారు ఒక్క ఏడాదికి ఆ సెలవును ఏప్రిల్‌కు జరుపుకోమని నా మనవి.

ఇక వంట సంగతి. ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది, నేనూ పొరపడ్డాను. కొన్నేళ్ల కిందట మా మేనమామగారి ఊళ్లో ఇలాంటి భోజనమే పెట్టినప్పుడు, అప్పుడే కోసి ఆడించిన బియ్యంతోనే అన్నం వండించాలని పట్టుబట్టినవాణ్ణి నేనే. వంటమేస్త్రి వద్దని చెప్పినా వినలేదు. ఎసరు పొంగాక ఆయన గరిటెతో నాలుగు మెతుకులు తీసి వేళ్ల మధ్య నలిపి, నా వైపు చూసి, ఏమీ అనకుండా వాటిని నా అరచేతిలో పెట్టాడు. పైన పేస్టులా జిగురు, లోపల ఇంకా పలుకు. అరగంటలో గుండిగ అంతా ముద్ద కట్టింది. కొత్త బియ్యం స్వభావమే అది. ధాన్యం కనీసం ఆరు నెలలు మాగితే గాని అన్నం పొడిపొడిగా రాదు. నెల్లూరు బియ్యానికి పేరు తెచ్చిన మొలగొలుకుల కాలం నుంచీ ఇక్కడి సంసారులు పాత బియ్యాన్నే అన్నానికి వాడుతూ వచ్చింది అందుకే.

కాబట్టి అన్నానికి అదే రైతు ఇంట్లో నిరుడు దాచుకున్న ధాన్యాన్ని అడగండి. తిండిగింజల కోసం కొంత నిలవ పెట్టుకునే ఇళ్లు ప్రతి ఊళ్లోనూ ఇంకా ఉన్నాయి. ఈ ఏటి కొత్త బియ్యాన్ని పాయసానికో పొంగలికో వాడండి, ఆ జిగురు అక్కడ గుణమవుతుంది. ఏ రకమో కూడా పంక్తిలో చెప్పించండి. నెల్లూరు వ్యవసాయ పరిశోధనా కేంద్రం రూపొందించిన ఎన్ఎల్ఆర్ 34449, అంటే మన నెల్లూరు మసూరి, ఏళ్లుగా చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ అన్నం పెడుతోంది. దాన్ని రోజూ తింటూ పేరు తెలియనివారు ఎందరో ఉన్నారు. ఎవరైనా పెద్దాయన మొలగొలుకులు పండించిన రోజుల గురించి, అది నిలువెత్తు పెరిగి గాలికి పడిపోయిన తీరు గురించి, వండినప్పటి వాసన గురించి చెప్పగలిగితే, ఆ నాలుగు మాటలు మైకులో చదివే సన్మానపత్రం కంటే ఎంతో విలువైనవి.

పక్కన ఏముండాలన్నది కాలమే చెబుతుంది. చైత్రంలో పుల్లటి మామిడికాయ, లేత మునక్కాయ, వంకాయ, దోసకాయ దొరుకుతాయి. మామిడికాయ పప్పు, మునక్కాయ పులుసు, గుత్తివంకాయ, నిమ్మకాయ పిండిన మజ్జిగ ఉంటే నిండు భోజనమే. చేపలు తినేవారికి మామిడికాయ ముక్కలు వేసిన పులుసు వేరే బంతిలో పెట్టండి. పులుసుకు కళాయి పూసిన గుండిగో, మట్టి పాత్రో వాడాలి. కళాయి పోయిన ఇత్తడిలో చింతపండు ఉడికితే చిలుము దిగుతుంది. ఇరవై రకాలు వండించాలన్న ఆశ మాత్రం పెట్టుకోకండి. వంటకాలు పెరిగేకొద్దీ బజారు సరుకు దానంతటదే వచ్చి చేరుతుంది.

ప్రశ్న: నేను శనగ రైతును. ఈమధ్య మా ప్రాంతంలో స్థానిక పంటల విందు అని చెప్పి నన్నూ మరికొందరినీ పిలిచారు. వేదిక ఎక్కించి శాలువాలు కప్పారు, ఫొటోలు తీసుకున్నారు. ఆ తర్వాత భోజనాలకు వెళితే బొబ్బట్లకు వాడిన శనగపప్పు పట్నంలో టోకు దుకాణం నుంచి వచ్చిందని వంటవాళ్లే చెప్పారు. నా శనగలు కొనేవారు లేక శీతల గిడ్డంగిలో ఉన్నాయి. నేను బాధపడటం తప్పా? (ఒక రైతు, ఒంగోలు సమీప గ్రామం)

జవాబు: తప్పు కాదు. మీ ఉత్తరం చదివాక నాకు ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఎందుకంటే అలాంటి వేదికల మీద అతిథిగా నేనూ కూర్చున్నాను, విస్తట్లో ఉన్నది ఎవరి పొలంలో పండిందని ఒక్కసారి కూడా అడగలేదు. అడగవలసింది.

రైతును గౌరవించడమంటే మొదట ఆయన పంట కొనడం. శాలువా ఆ తర్వాతి మాట. వేదికకూ పూలదండలకూ ఫ్లెక్సీలకూ పెట్టిన ఖర్చులో కొంత మీ దగ్గర శనగలు కొనడానికి పెట్టి ఉంటే, ఆ బొబ్బట్టు తిన్న ప్రతి ఒక్కరికీ మీ పేరు తెలిసేది, మీకూ ఎండు సన్మానం కాకుండా బస్తాల లెక్కన ధర దక్కేది.

అయితే నిర్వాహకులు ఇలా ఎందుకు చేస్తారో కూడా కొంత ఆలోచించాను, అందరిదీ దురుద్దేశమని అనుకోను. ప్రకాశం నల్లరేగళ్లలో అక్టోబరు, నవంబరుల్లో విత్తిన శనగ ఫిబ్రవరి, మార్చికి చేతికొస్తుంది. జేజీ-11 అయినా, తెల్ల శనగ కాక్-2 అయినా రైతు అమ్మేది గింజను. వంటమేస్త్రికి కావలసింది పప్పు, పిండి. ఆ రెంటి మధ్యా ఒక పప్పు మిల్లు ఉంది. నానబెట్టి, ఎండబెట్టి, బద్ద చేసి, పొట్టు తీయడానికి కొన్ని రోజులు పడుతుంది, గింజ తూకంలో ఇంచుమించు నాలుగో వంతు పొట్టు, నూక కింద పోతుంది. భోజనాలకు రెండు రోజుల ముందు సరుకుల చీటీ రాసుకునేవారికి ఈ వ్యవధి ఎక్కడిది? అందుకే వారు దుకాణానికి పరుగెత్తుతారు. ఒక నెల ముందుగా రైతు ఇంటికి వెళ్లి, ధర మాట్లాడుకుని, డబ్బు చేతిలో పెట్టి, శనగలు మిల్లుకు వేసి ఉంటే ఈ అవమానం జరిగేది కాదు.

గింజను గింజగానే వడ్డించే దారి కూడా ఉంది. నల్ల శనగలు రాత్రి నానబెట్టి, ఉడికించి, ఎండుమిర్చి, కరివేపాకు, పచ్చికొబ్బరితో తిరగమోత వేసిన గుగ్గిళ్లు మన పండుగలన్నిటికీ తెలిసిన వంటకమే. తెల్ల శనగలతో కూర చేయవచ్చు. వీటికి ఏ మిల్లూ అక్కర్లేదు. ఈ వంటకాలను పంక్తిలో మొట్టమొదట వడ్డించి, ఇవి ఫలానా పొలంవని చెప్పడం ఎవరికైనా సాధ్యమే.

మీకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఈసారి ఎవరైనా పిలవడానికి వస్తే, ఆహ్వానపత్రం అందుకునే ముందు, మా పంట ఎంత తీసుకుంటున్నారు, ఏ ధరకు అని నెమ్మదిగా అడగండి. ఆ ప్రశ్న అడగడం మర్యాద తక్కువ అని అనుకోవద్దు. అడిగేవారు లేకే ఇలాంటి విందులు ఉత్త వేడుకలుగా మిగిలిపోతున్నాయి.

ప్రశ్న: అన్నం అమ్ముకోకూడదని మా పెద్దలు అంటారు. ఉచితంగా పెడితే ఖర్చు ఎవరు భరించాలి? టికెట్టు పెడితే ఊళ్లో పేదలు రారు. ఏది మంచిది? (ఒక గృహిణి, ఇందుకూరుపేట)

జవాబు: పెద్దల మాటను కాదనవద్దు. అన్నదానానికి వెల కట్టే అలవాటు మన వైపు లేదు, దాన్ని కొత్తగా తేనక్కరలేదు. కాని ఇక్కడ కలిసిపోతున్న రెండు విషయాలను విడదీయాలి. తినేవారు ఉచితంగా తినవచ్చు, పండించినవారు మాత్రం ఉచితంగా ఇవ్వకూడదు. ఊరి పనే కదా, రెండు బస్తాలు మీరివ్వండి, కూరగాయలు వారిస్తారు అని రైతుల దగ్గరే వసూలు చేసి, ఆ భోజనాన్ని రైతుల గౌరవార్థం అనడం సరి కాదు. చందా ఇవ్వవలసింది తినడానికి వచ్చే ఉద్యోగులు, వ్యాపారులు, బయట స్థిరపడిన ఊరివాళ్లు.

ఖర్చు భయపడేంత ఉండదని ఒక లెక్క చెబుతాను. మనిషికి 150 గ్రాముల బియ్యం చొప్పున 200 మందికి 30 కిలోలు కావాలి. క్వింటాలు ధాన్యం ఆడిస్తే సుమారు 67 కిలోల బియ్యం వస్తుంది కాబట్టి, 30 కిలోలకు దాదాపు 45 కిలోల ధాన్యం పడుతుంది. 2025-26 సీజనుకు గ్రేడ్-ఎ ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. ఆ లెక్కన 45 కిలోలకు రైతుకు వచ్చేది సుమారు 1,075 రూపాయలు. అంటే ఒక మనిషి కడుపు నిండా తిన్న అన్నానికి రైతుకు ముట్టేది ఐదు రూపాయల ముప్పై, నలభై పైసలు.

నెల్లూరు లెక్కలో పుట్టి అంటే 850 కిలోలు. ఆ ఒక్క పుట్టి ధాన్యం మూడువేల ఏడువందల మందికి పైగా ఒక పూట అన్నం పెడుతుంది. దానికి రైతు చేతికి వచ్చేది మద్దతు ధర పూర్తిగా దక్కినా ఇరవైవేల మూడువందల రూపాయలు. అందులోంచే దుక్కి, నాట్లు, ఎరువులు, కోతమిషను బాడుగ, కౌలు అన్నీ పోవాలి. ఈ లెక్కను ఒక నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాసి పంక్తుల పక్కన పెట్టండి. ఏ రైతు దగ్గర ఏ సరుకు ఎన్ని కిలోలు, ఎంత ధరకు కొన్నారో దాని కిందే రాయండి. మద్దతు ధర మీద కిలోకు మరో ఐదు రూపాయలు కలిపి ఇచ్చినా 45 కిలోలకు పెరిగే ఖర్చు 225 రూపాయలే. ఆ బల్ల చూసినవారు చందా ఇవ్వడానికి వెనకాడరని నా నమ్మకం.

ప్రశ్న: మాది కనిగిరి వైపు మెట్ట ప్రాంతం. వరి లేదు, చేపలు లేవు, బోర్లలో నీళ్లు లేవు. స్థానిక పంటల భోజనం అని పత్రికల్లో చూస్తుంటే డెల్టా వాళ్లకే అది చెల్లుతుందేమో అనిపిస్తుంది. మేమేం పెట్టగలం? (ఒక పాఠకుడు, కనిగిరి ప్రాంతం)

జవాబు: మీ ఉత్తరానికి జవాబు రాయడం నాకు మిగతావాటన్నిటికంటే ఇష్టంగా ఉంది. డెల్టా భోజనం అన్నం చుట్టూ తిరుగుతుంది, మెట్ట భోజనానికి అంతకంటే ఎక్కువ రుచులున్నాయి. సజ్జ, కొర్ర, వరిగ, జొన్న, కంది, పెసర, ఉలవ, నువ్వులు, ఎండుమిర్చి, గొర్రె, మేక, గేదె పెరుగు. వీటిలో సగం ఉన్నా ఆ విస్తరికి లోటు లేదు. 2023వ సంవత్సరాన్ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు పట్నాల్లో కొర్ర అన్నం ఖరీదైన వంటకమైంది. మీ అవ్వల కాలంలో అది రోజువారీ తిండి.

మీకు తగిన కాలం కార్తీకం. ఖరీఫులో వేసిన సజ్జ, కొర్ర అప్పటికి కోసి, నూర్చి ఉంటాయి. వనభోజనాల సంప్రదాయం ఎలాగూ ఉంది కాబట్టి కొత్త వేడుక సృష్టించనక్కరలేదు, ఆ రోజు ఉసిరి చెట్టు కింద వండే వంటలో మీ చేల గింజ ఉంటే చాలు. కందిపప్పుతో పెట్టాలనుకుంటే మాత్రం పంట ఇళ్లకు వచ్చే మాఘం దాకా ఆగండి.

వంటలో కొన్ని మెలకువలు పాటించాలి. సజ్జపిండిలో నూనె శాతం ఎక్కువ, ఆడించిన కొద్ది రోజులకే చేదు తిరుగుతుంది. పిండిని నెల ముందే సిద్ధం చేసుకుని, భోజనాలనాడు చేదెక్కిన రొట్టెలు పెట్టి, సజ్జ ఇంతే అని పిల్లల చేత అనిపించిన సందర్భాలు ఉన్నాయి. గింజను దాచుకుని, ముందురోజు సాయంత్రం మాత్రమే మరకు పంపండి. రొట్టెలు పెద్ద సంఖ్యలో ముందే చేసి పెడితే అట్టల్లా బిగుసుకుపోతాయి కాబట్టి, నలుగురైదుగురు ఆడవాళ్లు పంక్తి నడుస్తుండగానే పెనం మీంచి వేడివేడిగా అందిస్తుండాలి. ఆ చేతుల చప్పుడు వినబడుతూ తినడం వేరు. కొర్రబియ్యం రెండు మూడు గంటలు నానితేగాని మెత్తగా ఉడకదు. సంగటికి ఉలవచారు, గోంగూర, గొర్రెమాంసం పులుసు, ఏది కలిసినా బాగుంటుంది.

ఒక హెచ్చరిక కూడా ఇవ్వాలి. మీ ప్రాంతపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సమస్య దశాబ్దాలుగా ఉన్నదే. నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన మేరకు ఇంకా చిక్కబడుతుంది. తాగడానికే కాక వంటకు కూడా శుద్ధి చేసిన నీటినే తెప్పించుకోండి.

మెట్టలో మరో మాట వినిపిస్తుంటుంది: మా రైతులు ఎక్కువమంది పొగాకు, సుబాబుల్, జామాయిల్ వేస్తారు, వారి పంట తినేది కాదు కదా, వారిని పిలవాలా అని. పిలవాలి. వానను నమ్ముకుని, అప్పు తీరే దారి వెతుక్కుంటూ వారు ఆ పంటలకు వెళ్లారు. వారి గట్ల మీద నాలుగు కంది మొక్కలో, దొడ్లో ఒక గేదో ఉండనే ఉంటాయి. ఆ గుప్పెడు కందులు, ఆ లీటరు పెరుగు కొని పంక్తిలో పెట్టండి. మెట్టలో తిండిగింజ మళ్లీ గిట్టుబాటు అవుతుందన్న ఆశ వారికి అలాంటి కొనుగోళ్ల వల్లనే కలగాలి.

ప్రశ్న: మా ఊళ్లో పొలాల యజమానులు చాలామంది నెల్లూరు, చెన్నై, హైదరాబాదుల్లో ఉంటారు. సాగు చేసేది కౌలుదార్లు. రైతుల జాబితా రాస్తుంటే పాసుపుస్తకం ఉన్నవారి పేర్లే రాయాలని కొందరు పట్టుపడుతున్నారు. ఏం చేయాలి? (భోజనాల సంఘం సభ్యురాలు, బుచ్చిరెడ్డిపాళెం)

జవాబు: మీ జాబితాకు పాసుపుస్తకంతో పని లేదు. ఈ ఏడు ఆ మడిలో దిగినవారి పేర్లు రాయండి. యజమానిని తొలగించకుండానే కౌలుదారును సాగుదారుగా గుర్తించే పద్ధతి చట్టంలోనే ఉంది. 2019లో రాష్ట్రం తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద పదకొండు నెలల ఒప్పందంతో సాగుదారు కార్డు ఇస్తారు. యజమాని సంతకం పెట్టడానికి భయపడటంతో ఆ కార్డు దక్కని కౌలుదార్లు అనేకమంది. కాగితం మీద పేరు లేని మనిషికి పంక్తిలోనైనా పేరు పెట్టి పిలిచే చోటు ఉండాలి.

కౌలుదారు దగ్గర కూడా ఆగవద్దు. నాట్లు వేసి, కలుపు తీసిన ఆడవాళ్లు, రాత్రిళ్లు తూము దగ్గర కాపలా ఉన్న లస్కరు, చేలో మంద కట్టిన గొర్రెలకాపరి, బస్తాలు మోసిన హమాలీలు, వీరంతా ఆ అన్నంలో ఉన్నవారే. వీరిని మైకులో పిలిస్తే రారు. పెళ్లికి పిలిచినట్టు ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి పిలవాలి. కూలికి వెళ్లి వచ్చి, ఇంట్లో పిల్లలకూ పెద్దలకూ చూసుకుని రావడానికి వీలుగా వేళ నిర్ణయించాలి. పిల్లలనూ తీసుకురమ్మని ప్రత్యేకంగా చెప్పాలి.

బంతుల విషయంలో మీరు గట్టిగా నిలబడవలసి ఉంటుంది. పెద్దలకు మొదటి బంతి, కూలీలకు చివరి బంతి అన్న పాత వరస ఈ భోజనంలో పనికిరాదు. కులానికొక వరస అసలే పనికిరాదు. మొదటి బంతిలో పొలం పని చేసినవారు కూర్చోవాలి, చందాలిచ్చినవారు వడ్డించాలి. దీనికి ఎవరైనా నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. నెల్లూరు స్వర్ణాల చెరువులో మొహర్రం రోజుల్లో జరిగే రొట్టెల పండుగలో ముక్కూమొహం తెలియనివారు, మతం అడగకుండా, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఒకరి చేతి నుంచి ఒకరు రొట్టె పుచ్చుకుంటారు. ఆ జిల్లాలో ఒక ఊరు ఒకే వరసలో కూర్చుని తినలేదంటే నేను నమ్మను.

ప్రశ్న: మా మహిళా సంఘం వంట బాధ్యత తీసుకుంది. ఊరి భోజనానికి కూడా అనుమతులు కావాలా? చెరువు రొయ్యలు వండవచ్చా? (డ్వాక్రా సంఘం, కావలి)

జవాబు: 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద వచ్చిన నిబంధనల్లో, మతపరమైన, సామాజికమైన కూడికల్లో ఆహారం పంచేవారు కూడా నమోదు చేసుకోవలసినవారి కిందికే వస్తారు. ఆన్‌లైన్‌లో ముందుగా నమోదు చేయించుకోండి, అది పెద్ద పని కాదు. వంట జరిగే చోట నీడ, చేతులు కడుక్కునే నీళ్లు, మూతలు ఉండేట్టు చూడండి. వండిన పదార్థం వడ్డించేదాకా పొగలు కక్కుతూ ఉండాలి. పొద్దున వండి రాత్రి దాకా గోరువెచ్చగా ఉంచిన పులుసు ఇంట్లో నలుగురికి రుచిగా ఉండవచ్చు గాని, వందలమందికి పెట్టేటప్పుడు ఆ సాహసం వద్దు.

రొయ్యలు తప్పకుండా వండండి. మన తీరంలో వనామీ రకం రొయ్యలు సాగు చేసేవారు విదేశీ కొనుగోలుదార్ల ధరల మీద ఆధారపడి బతుకుతున్నారు. పంట ఇక్కడిదే అయినా పక్క ఊరివారు దాన్ని తినడం తక్కువ. రొయ్యలు పట్టే రోజు తెలుసుకుని, చెరువు గట్టు మీదే కొని, మంచులో తీసుకురండి.

ప్రశ్న: ఉదయగిరి ప్రాంతంలో ఉపాధ్యాయురాలిని. మా బడి పిల్లలను ఇలాంటి భోజనంలో ఎలా భాగం చేయాలి? నృత్యాలు, ఉపన్యాసాలు కాక వేరే ఏదైనా ఉందా? (ఒక ఉపాధ్యాయురాలు)

జవాబు: మీకు ఉదయగిరి కొయ్య చెంచాలు, గరిటెలు ఉన్నాయి. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పనితనం మీ పట్టణంలోని కుటుంబాల చేతుల్లో ఉంది. వడ్డించే గరిటెలను వారి దగ్గరే కొనండి. చెక్కేటప్పుడు పిల్లలను ఒక పూట అక్కడ కూర్చోబెట్టండి, కొండల్లోంచి వచ్చిన కొయ్య ముక్క గరిటె అవడం వారు కళ్లారా చూస్తారు.

భోజనానికి వారం ముందు పిల్లల చేత కందులు ఇసిరించండి. కందిపప్పు అంటే పొట్లంలో వచ్చే పసుపు బద్ద అనుకునే పిల్లలు పల్లెటూళ్లలోనే ఉన్నారు. కందులకు కాస్త నూనె పట్టించి, ఎండబెట్టి, ఇసుర్రాయిలో గుప్పెడు గుప్పెడుగా పోస్తూ ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని తిప్పాలి. ఒకసారి తిప్పితే సగం గింజలే బద్దలవుతాయి, మిగతావాటిని చెరిగి మళ్లీ పోయాలి. కిలో పప్పు కావడానికి ఎంతసేపు పట్టిందో, భుజాలు ఎంత నొప్పెట్టాయో వారే నోటుపుస్తకంలో రాసుకోనివ్వండి. తాము ఇసిరిన పప్పును పంక్తిలో తామే వడ్డించనివ్వండి.

ఇసుర్రాళ్లు ఇప్పుడు వాడుకలో లేకపోయినా, వెతికితే గొడ్లపాక మూలల్లో, పెరటి గోడల వెంట రెండు మూడు దొరుకుతాయి. ఏళ్ల తరబడి వాడనివి నున్నబడిపోయి ఉంటాయి కాబట్టి, ఉలి పట్టేవారిని పిలిపించి ముందుగానే గరుకు చేయించి, నీళ్లతో కడిగి, రెండు రోజులు ఎండలో ఉంచండి. పిడికి కొత్త కర్ర మీ ఉదయగిరి పనివారే చెక్కి ఇస్తారు.